మూడు రోజులకో గ్రహణం

డిగ్రీ ఆఖరి ఏడాది నా ఫిజిక్సు రికార్డు ఆల్గాల్ అనే చుక్క మీద. పేరుకి ఒకటే గానీ, అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు చుక్కలు. మసకది వెలుగుదానికి అడ్డం వచ్చినప్పుడల్లా వెలుగు మూడో వంతుకి పడిపోతుంది. సుమారు మూడు రోజులకోసారి, ఠంచనుగా. దుర్భిణీ అక్కర్లేదు, కళ్ళు చాలన్నారు బందరు కాలేజీలో మా మాస్టారు. కళ్ళున్నాయి, చీకటే లేదు. కృత్తివెన్నులో మా డాబా పక్కనే రొయ్యల చెరువు, గట్టు పొడుగునా లైట్లు.

రికార్డు ఇచ్చేలోపు నాకు దొరికే గ్రహణం ఒక్కటే మిగిలింది, ఆ డిసెంబరు రాత్రి ఎనిమిదింటికి. అదీ తప్పితే తెల్ల కాగితాలే. చీకటి పడగానే చెరువు గలాయన దగ్గరికి పరిగెత్తాను. చుట్టం కాకపోయినా మావయ్యే.

"లైట్లార్పితే దొంగలు పడతారమ్మాయ్."

"ఒక్క గంటండీ మావయ్యా. చుక్కకి గ్రహణం!"

ఆ మాట వినపడి వంటింట్లోంచి అత్తయ్య పరుగున వచ్చింది. "ఏ నక్షత్రానికే? నాది కృత్తిక!"

"కృత్తిక కాదండీ, ఆ దగ్గర్లోదే."

"దగ్గర్లోదైతే మాత్రం?"

ఆవకాయ జాడీ మీద దర్భ పడింది. అప్పుడే దించిన చేపల పులుసు మీదా పడింది. పొయ్యి ఆరింది, లైట్లూ ఆరాయి. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"విడుపెప్పుడు?" అన్నాడు మావయ్య, పులుసు వైపు చూస్తూ.

తొమ్మిదింటికని బొంకెయ్యొచ్చు. నాకేమో సైన్సు పట్టింపు. "ఒంటిగంటకండీ" అన్నాను. పాపం, ఆయన మొహం చూడాలి!

ఎనిమిదింటికి ఆల్గాల్ నిజంగానే వెలవెలబోయింది. నా లెక్క ఆకాశంలో నిజమైంది! డాబా మీద గంతులేశాను. కింద మావయ్య టార్చిలైటుతో గట్టు కాస్తూ, అరగంటకోసారి "విడిచిందా?" అని కేకేశాడు. "ఇంకా లేదండీ!" అంటూ నేను వెలుగు కొలుచుకున్నాను. గంట చీకటి అడిగితే అయిదు గంటలు దొరికింది.

ఒంటిగంటకి ఇద్దరూ చలిలో వణుకుతూ విడుపు స్నానాలు చేసి, నన్నూ భోజనానికి పిలిచారు.

"మళ్ళీ ఎప్పుడు?" అంది అత్తయ్య.

"మూడో రోజు సాయంత్రం అయిదింటికి. ఆ తర్వాత ఇంకో మూడు రోజులకి. ఎప్పటికీ అంతేనండీ."

మావయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. "అయిదింటికి ఎండ కదా, కనపడుతుందా?"

"కనపడదండీ."

"కనపడని గ్రహణానికి పట్టింపు లేదు!" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అత్తయ్య మజ్జిగ తేవడానికి లేవగానే నా వైపు వంగాడు. "కనపడేదున్నప్పుడు నాకొచ్చి చెప్పు, లైట్లార్పేస్తాను. మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు."