ఎర్రదారం కట్టిన కొస

దిండి నుంచి రోజూ బస్సులో కాలేజీకి వచ్చే ల్యాబ్ అసిస్టెంట్ ఉషారాణికి పరీక్షలంటే పిల్లలకన్నా ఎక్కువ భయం. నెట్‌వర్కుల్ని కలిపే పెట్టెలైన రౌటర్లను రెండింటిని జోడించే సీరియల్ కేబుల్‌కి ఒక కొస క్లాక్, అంటే డేటా నడిచే లయ, ఇచ్చేది, రెండోది అందుకునేది. ఇచ్చే కొస ఉన్న రౌటర్లోనే క్లాక్ రేటు పెట్టాలి, లేకపోతే లింకు రాదు. అందుకే పరీక్ష ముందురోజు ఆ కొసకి పిల్లలకి గుర్తుగా ఎర్రదారం కట్టి, మూడుసార్లు తడిమి చూసుకుని, తలుపు తాళం లాగి లాగి చూసి మరీ వెళ్తుంది.

ఇవాళ మధ్యాహ్నం పరీక్షలో హేమ అనే విద్యార్థిని దారం ఉన్న వైపు క్లాక్ రేటు కొట్టింది. రౌటర్ ఒప్పుకోలేదు. ఆ పిల్ల దారాన్ని వదిలేసి, తన వైపున్నది ఏ కొసో రౌటర్లోనే చూసుకుని, రెండోవైపు క్లాక్ ఇచ్చింది. లింకు వచ్చింది.

“దారం ఇటు కట్టేరేంటండీ మేడమ్?” అంది మెల్లిగా.

ఉషారాణి కేబుల్ మీదికి కొంగు జార్చి, దారం ముడి మీద వేళ్లు వేసింది. పొద్దున ఇదే బల్ల దగ్గర కుసుమ అనే ఇంకో పిల్ల ఆ దారాన్నే నమ్ముకుని, ఎంతకీ లింకు రాక, ఏడుస్తూ వెళ్లిపోయింది. కిటికీ పక్కన ఎగ్జామినర్ గారు పొద్దుటి మార్కుల కాగితాన్ని కవర్లో పెట్టి అంటిస్తున్నారు.

“ఏమ్మా, కేబుళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా?” అని అడిగారాయన.

కొంగు చాటున ముడి విప్పుతున్న ఆమె వేళ్లు ఆగలేదు.

“ఆయ్, సరిగ్గానే ఉన్నాయండీ,” అంది.