కాలు నొప్పంటే నడుము నొక్కిన నర్సమ్మ

ఆ రోజుల్లో కోయంబత్తూరు చుట్టుపక్కల మన తెలుగిళ్ళలో ఒకరికి జబ్బు చేస్తే వీధి మొత్తం దాన్ని పంచుకునేది, నొప్పిని తప్ప. ఎవరు ఏ మందు చెప్పారో, ఎవరు ఎలా నవ్వారో నాకు ఇప్పటికీ వరసగా గుర్తుంది. ఇన్నేళ్ళయింది కదా, చల్లబడి రాద్దామని కూర్చున్నాను గాని, రాస్తుంటే మళ్ళీ ఒళ్ళు మండుతోంది. మన్నించండి.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. సూలూరు దారిలో ఒక నూలుమిల్లులో బదిలీ పని. అంటే పర్మనెంటు వాళ్ళు ఎవరైనా రాకపోతే వాళ్ళ చోట నిలబడాలి. రెండేళ్ళు అలా నిలబడ్డాక, వచ్చే నెల నిన్నూ పర్మనెంటు చేస్తామని మేస్త్రీ తన నోటితోనే అన్నాడు. ఆ వారమే, కండెల బుట్టను వంగి ఎత్తబోతే ఎడమ పిరుదులో ఏదో చురుక్కుమంది. మర్నాటికి ఆ మంట తొడ వెనకగా, పిక్క మీదుగా బొటనవేలి దాకా దిగింది. దగ్గితే దిగేది, తుమ్మితే దిగేది, చెప్పులో కాలు పెట్టబోతే కళ్ళు బైర్లు కమ్మేవి. (తుమ్ము వస్తోందని తెలిసి ముందే ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.)

మా అవ్వ "వాయువు, అమ్మిణీ, సుమ్మా వాయువు" అని, ఉట్టి వాయువేనని తేల్చేసి, వెల్లుల్లి వేసి కాచిన ఆముదం కాలికి పట్టించింది. ఆ వాసనకు మా పిల్లి కూడా ఇల్లు వదిలి వీధిలో పడుకుంది. ఆపైన వచ్చాడు పట్టాళం మామ. ఆయన పట్టాళంలో, అంటే మిలిటరీలో, చేసింది వంట పని. అయినా జబ్బుల విషయంలో ఆయన మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. నన్ను నేలమీద చెక్కపలక వేసి పడుకోబెట్టి, "పది దినాలు కదలకూడదు బిడ్డా, కదిలితే నరం తెగిపోతాది" అన్నాడు. నేను నమ్మాను. ఆయనమీద కన్నా, నమ్మినందుకు నామీదే నాకు కోపం ఎక్కువ. పడుకున్నకొద్దీ నడుము కొయ్యబారింది, కాలు ఇంకా మండింది. కొంచెం పక్కకు ఒత్తిగిలితే చాలు, గుమ్మంలోంచి "ఏయ్!" అని అరుపు.

ఏడో రోజు మధ్యాహ్నం, షిఫ్టు దిగి పక్కింటి అక్క వచ్చింది. నాతోపాటే మిల్లులో పనిచేసేది. "ఏమే, మేస్త్రీ ఏమన్నాడో తెలుసునా? ఇరవై ఏండ్ల పిల్లకి కాలు వలి ఏంది, అంతా నడిప్పు, బోడినాయకనూరులో ఎవరి పెండ్లికో పొయ్యుంటాది అన్నాడు. పర్మనెంటుకి వేరే పిల్ల పేరు రాస్తా ఉండాడు" అంది.

నడిప్పు! నా వలి, నా నొప్పి, నటనట! ఆ మాట చెవిన పడ్డాక ఎలా లేచానో నాకు తెలియదు. "నరం బిడ్డా, నరం!" అంటూ మామ వెంటపడ్డాడు. "తెగనీ!" అన్నాను. కాలికి ఆముదపాకుల కట్టు, నలిగిన ఇంటి చీర, దువ్వని తల, ఆ అవతారంతోనే రెండు మైళ్ళు నడిచాను. మొదటి మైలంతా అడుగుకొకరి చొప్పున మేస్త్రీ వంశాన్ని తిట్టాను. రెండో మైలులో వంశం అయిపోయింది. అప్పుడు చూసుకుంటే, మంట తొడ దగ్గరే ఆగింది, అడుగు కాస్త సులువుగా పడుతోంది. దానికీ కోపమొచ్చింది. నొప్పి ఉందని చూపించడానికి పోతుంటే ఇప్పుడా తగ్గడం!

గేటు దగ్గర మేస్త్రీ నన్ను కిందా మీదా చూసి, "కాలు వలి అంటివి కదమ్మా, ఇంత దూరం ఎట్లా నడిచొస్తివి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందుకని అరిచాను. తెలుగులో మొదలుపెట్టి, అది చాలక తమిళంలోకి వెళ్ళాను.

ఆ గోలకు మిల్లు ఆసుపత్రి గదిలోంచి నర్సమ్మ బయటికొచ్చింది. మదురై నుంచి కొత్తగా వచ్చిన మనిషి, వాళ్ళింట్లోనూ తెలుగే. నన్ను బల్లమీద పడుకోబెట్టి, మేస్త్రీని గుమ్మంలో నిలబెట్టింది. కాలు చూస్తుందనుకుంటే నడుము నొక్కింది. "వలి కాల్లో అంటా ఉంటే నడుం నొక్కేదేంది? కండ్లు లేవా?" అన్నాను. ఆమె నా ఎడమకాలిని మోకాలు వంచకుండా మెల్లగా పైకెత్తింది. జానెడు ఎత్తు దాకా ఏమీ లేదు. ఆ తర్వాత పిరుదు నుంచి వేలి దాకా కరెంటు కొట్టినట్టయింది. "నీ చెయ్యి పడిపోనూ!" అన్నాను. ఆపైన అన్నవి రాయలేను.

ఆమె కాలు మెత్తగా దింపి, మేస్త్రీ వైపు తిరిగి, "విన్నారా అన్నా? నడిప్పు చేసేవాళ్ళు ఇంత బాగా తిట్టలేరు" అంది. మేస్త్రీ నేల చూశాడు.

"చూడమ్మా, ఈ పెద్ద నరం నడుం ఎముకల సందులోంచి పుట్టి పాదం దాకా పోతాది. పైన నొక్కుకుంటే కింద మండుతాది. పడుకునే ఉంటే బిగుసుకుపోతావు. కొంచెం కొంచెం నడువు. ఊరికే కూచోవద్దు. వేడి కాపడం సుఖమనిపిస్తే పెట్టుకో. బుట్ట ఎత్తాలంటే మోకాళ్ళు మడిచి ఎత్తు. శానామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతాది. అయితే పాదం వేలాడిపోయినా, తొడల సందున తిమ్మిరెక్కినా, ఉచ్చ ఆగినా, ఆపుకోలేకపోయినా, ఆ దినమే పెద్దాసుపత్రికి పరుగెత్తు" అంది. రెండు నెలలు బరువులు వద్దని చీటీ రాసి మేస్త్రీ చేతిలో పెట్టింది.

నాలుగు మాటలు! ఈ నాలుగు మాటలు చెప్పే మనిషి లేక ఏడు రోజులు పలకమీద పడున్నాను. ఆ నెల పర్మనెంటు ఆ వేరే పిల్లకే పోయింది. నాకు వచ్చేసరికి మరో ఎనిమిది నెలలు పట్టింది. నొప్పి మాత్రం రెండు నెలల్లో పోయింది. (అది తన పలక మహిమేనని మామ వీధంతా చెప్పుకున్నాడు. ఆయనతో ఏడాది మాట్లాడలేదు నేను.)

కాలు బాగయ్యాక, క్షమించమని అడగాలని ఒక డబ్బా నిండా మురుకులు పట్టుకొని నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆ కుర్చీలో వేరే ఎవరో ఉన్నారు. ఆమె పోయిన వారమే మదురైకి తిరిగి వెళ్ళిపోయిందట. జాబు రాద్దామంటే పేరు తెలియదు, అందరం నర్సమ్మ అనేవాళ్ళమే. నా నొప్పిని నమ్మిన ఆ ఒక్క మనిషీ నా నోట విన్నవి బూతులు!

డబ్బా చంకన పెట్టుకొని ఇంటిదారి పట్టాను. మురుకులు కరకరా నములుతూ, చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఎవరైనా చూస్తే వాళ్ళమీద కోపంగా గుడ్లురుముతూ పోతున్న ఆ ఇరవై ఏళ్ళ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వెనకాలే వెళ్ళి, కాసేపు పక్కన నడవాలనిపిస్తుంది.