వ్యాను రేకు మీద ఒక్క దెబ్బ

దయ్యాలను నమ్మేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. మాచర్ల రోడ్డులో బండ్లు తోలే డ్రైవర్లు తెల్లచీర కథలు చెబుతుంటే, తాగింది దిగలేదురా మీకు అని మొహం మీదే అనేవాణ్ణి. ఇప్పుడు కూడా నమ్మానని చెప్పను. నాకు జరిగింది మాత్రం రాస్తాను. తలుచుకుంటే ఇప్పటికీ భయం రాదు, కోపమే వస్తుంది.

నాది గురజాల. పడవలు లాగడం నా పని. హైదరాబాదులో ఎవరో సరదాగా ఊళ్లు తిరగడానికి చేయించుకున్న పాత వ్యానొకటి కొన్నాను. లోపల మంచం, గ్యాస్ పొయ్యి ఉన్నాయి. దాని వెనక ట్రైలరు తగిలించి, ఫైబరు పడవ ఎక్కించి, కృష్ణ ఒడ్డున చేపలు పట్టేవాళ్లకు చేరుస్తాను. పడవకు మరమ్మతు ఉంటే రెండు మూడు రోజులు అక్కడే వండుకుని వ్యానులోనే పడుకుంటాను.

ఈ పనికి ఇద్దరుండాలి. పడవను నీళ్లలోకి దించాలంటే వ్యానును రివర్సులో రేవులోకి పోనివ్వాలి. పడవ అడ్డం గనక డ్రైవరుకు వెనక ఏమీ కనపడదు. అందుకని రెండోవాడు వ్యాను వెనక మూల నిలబడి రేకు మీద అరచేత్తో కొడతాడు. రెండు దెబ్బలంటే పోనియ్యి. ఒక్కటంటే ఆపు.

నాకు ఆ రెండోవాడు మా బావ ఏడుకొండలు, మా చెల్లెలు పద్మ మొగుడు. నోటి దురుసు మనిషి. నేనేం తక్కువ తినలేదు.

పోయిన వేసవిలో దాచేపల్లి అవతల ఒక రేవులో పడవ దించుతున్నాం. ట్రైలరుతో వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు తిరగేసి తిప్పాలి, కుడికి పోవాలంటే ఎడమకు. రెండుసార్లు తప్పు తిప్పాను. చేపలోళ్లంతా చూస్తుండగా బావ అరిచాడు. “నీకు చేతగాదు గానీ దిగు, నేను తోల్తా!” వాళ్లు నవ్వారు. నేను దిగలేదు. మూడోసారి వెనక్కి పోతుంటే ట్రైలరు పక్కకు తిరిగి మడతపడింది. దానికీ వ్యానుకీ మధ్య బావ నలిగిపోయాడు. నరసరావుపేట ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు.

అందరికీ ఒకటే మాట చెప్పాను. బావ కొట్టాడేమో, ఈ పాత ఇంజను మోతలో నాకు వినపడలేదని. పోలీసులు అదే రాసుకున్నారు. పద్మ ఆ మాట నమ్మబట్టే నన్ను గడప తొక్కనిచ్చింది. నాకున్న తోబుట్టువు పద్మ ఒక్కతే.

ఈ ఏడు మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్న రోజుల్లో, బావ సొంత పడవను ఆయన తమ్ముడికిచ్చేద్దామంది పద్మ. తనూ వస్తానని నా పక్క సీట్లో కూర్చుంది. పొద్దున పదకొండింటికి బయల్దేరాం. ఎండ మండిపోతోంది. మిరప ఘాటుకి ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం.

ఒక ఎత్తు ఎక్కుతున్నాను. సెకండ్ గేరు, ఇంజను మహా మోతగా ఉంది. అప్పుడు వెనక ఎడమ మూల రేకు మీద ఒక్క దెబ్బ పడింది. నా కాలు దానంతటదే బ్రేకు తొక్కింది.

ఎవడో కొట్టి దాక్కున్నాడనుకుని తిట్టుకుంటూ దిగాను. ఎవరూ లేరు. మిరప కళ్లంలో కూలీలు దూరంగా పట్టా నీడన సద్ది తింటున్నారు. ట్రైలరు పిన్ను చూశాను, బిగువుగా ఉంది. టైర్లు బాగున్నాయి. తాళ్లు సడలలేదు. పడవలోకి ఎక్కి చూశాను. వ్యాను లోపల సిలిండరు కట్టేసినట్టే ఉంది. నాకు ఇంకా మండింది. చచ్చినవాళ్లు మనల్ని కాపాడటానికొస్తారని చెబుతుంటారు గదా, ఇక్కడ కాపాడటానికేముంది? ఏ టైరన్నా పేలబోతుంటే దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

“ఏందన్నా, ఎందుకాపావు?” అంది పద్మ. ఏం లేదన్నాను.

మళ్లీ కదిలాను. కూతవేటు దూరం పోయామో లేదో, అదే మూల, అదే చెయ్యి. ఒక్క దెబ్బ.

ఈసారి నాకు ఒళ్లు తెలియలేదు. బండి ఆపి, తలుపు విసిరికొట్టి, వెనక్కి పోయి ఖాళీ రోడ్డు మీద గొంతు చించుకుని అరిచాను. “ఆ రోజూ ఇంతేగా బావా! ఒక్కటి కొట్టి ఊరుకున్నావు. నోరు లేదా నీకు? ఊరందరి ముందు నన్ను తిట్టటానికి వచ్చిన నోరు, అప్పుడేమైంది? ఒక్క కేక పెట్టొచ్చుగా!”

తిరిగి చూస్తే పద్మ కిందికి దిగి నిలబడి ఉంది.

“అయితే వినపడింది,” అంది.

తను సీట్లోంచి సంచీ తీసుకుంది. గురజాల వైపు పోయే ఆటో వచ్చేదాకా ఎండలోనే నిలబడింది. నా వైపు చూడలేదు.

వినపడింది. ఆ రోజు రేవులో బావ కొట్టిన దెబ్బ శుభ్రంగా వినపడింది. నువ్వు కొడితే నేను ఆగాలా అనుకుని, ఇంకో బారెడు పోనిచ్చాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోలేని సిగ్గుకి ఊళ్లో అందరి మీదా ఎగిరిపడుతూ బతికాను.

తర్వాత మెకానిక్కు చేత వ్యానంతా విప్పించి చూపించాను. రేకు ఎక్కడా వదులు లేదన్నాడు. అదే పడవ కట్టుకుని, అదే ఎత్తు, అదే గేరులో నాలుగుసార్లు ఎక్కాను. ఏ చప్పుడూ రాలేదు. ఆ దెబ్బ ఎవరు కొట్టారో, అసలు ఎవరైనా కొట్టారో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

తెలిస్తే పద్మకే తెలియాలి. ఆ రోజు నా పక్కనే కూర్చుంది. తనకూ వినపడిందా అని అడుగుదామని మూడుసార్లు వాళ్లింటికి పోయాను. తలుపు తియ్యలేదు.