మాట వినపడేంత దూరం

అంగడి మామ పోయినాడని పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "నాయన పోయినాడన్నా. నిద్రలోనే" అని పెట్టేశాడు. బస్సెక్కి బంగారుపాళ్యంలో దిగి, అక్కడి నుంచి ఆటోలో మా ఊరు చేరాను. దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను, మధ్యమధ్యలో నవ్వుతూనే ఉన్నాను. పక్క సీటాయన నాకేదో తేడా ఉందనుకుని జరిగి కూర్చున్నాడు. "పోయినాడు" అన్న మాట మామ విషయంలో వింటే నవ్వు రాకుండా ఉండదు. ఎందుకో చెబుతాను.

ఆయన మాకు చుట్టమేమీ కాదు, ఎదురింటాయన. వీధి మొదట్లో చిల్లర అంగడి ఉండేది కాబట్టి ఊరందరికీ అంగడి మామ. ఎనభైల మొదట్లో, నలభై దాటీదాటకముందే ఆయనకు చక్కెర జబ్బు వచ్చింది. రోజూ పొద్దున కొంచెం పరిగెత్తమని చిత్తూరు డాక్టరు చెప్పాడు. ఇంకొకరైతే అంగడి చుట్టూ రెండు సార్లు నడిచి సరిపెట్టుకునేవాళ్ళు. ఈయన ఆ సాయంత్రమే తెల్ల కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చాడు. నిక్కరు వేసుకోమంటే సిగ్గన్నాడు. తెల్ల పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, భుజాన తుండు వేసుకుని బయలుదేరాడు. పొట్ట ముందు పోయేది, వెనక ఆయన పోయేవాడు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఫారెస్టు గార్డు ఉద్యోగం పరుగు పరీక్షలో అంతకు ముందు ఏడాదే తప్పాను. మొదటి రెండు చుట్లూ అందరికంటే ముందున్నాను, మూడో చుట్టులో కక్కుకుని పడిపోయాను. ఇంకొక్కసారే అవకాశం, ఆ తర్వాత వయసు దాటిపోతుంది. నాకేమో చిన్నప్పటి నుంచి అడివంటే పిచ్చి. ఇంక ఉద్యోగం మాట వదిలేసి కయ్యల్లోకి దిగి సేద్యం చేసుకోమని మా నాయన రోజూ అంటూనే ఉన్నాడు. అలాంటప్పుడు మామ ఒకరోజు అరుగు మీది నుంచి పిలిచి, "అల్లుడా, రేపట్నించి నాతో రా" అన్నాడు. ఈ పొట్టతో ఈయన నాకు నేర్పేదేముంది అనుకున్నాను. ఆ వయసులో పొగరు అలాగే ఉంటుంది.

మొదటి రోజు బాణంలా పోయాను. మామిడి తోపు మలుపులో వెనక్కి చూస్తే ఆయన జాడే లేదు. నేను తోపు గట్టు మీద కూలబడి రొప్పుతుంటే నింపాదిగా వచ్చి, ఆగకుండా నన్ను దాటి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు చెప్పాడు.

"నేను వెనకాల మాట్లాడతానే ఉంటా. నా మాట నీకు వినపడాల. వినపడలేదంటే నువ్వు జాస్తి వేగంగా పోతాండావని లెక్క. తగ్గించు, అంతే."

అంతే, ఆయన పాఠం అక్కడికి అయిపోయింది. మా దారి తోపుల మధ్య బండిబాటలో మొదలయ్యేది. పూత కాలంలో ఆ వాసనకు నాకు తుమ్ములే తుమ్ములు. తోపు దాటితే చెరువు కట్ట. కట్ట దిగి, చెరువు నిండినప్పుడు నీళ్ళు పొర్లిపోయే మొరవ దాటితే అడివి అంచు. అక్కడ ఒక పెద్ద గుండురాయి దగ్గర వెనక్కి తిరుక్కునేవాళ్ళం. దారంతా మామ పెళ్ళి కథలు చెప్పేవాడు. ఎవరి పెళ్ళిలో చారులో ఉప్పు తక్కువైందని వియ్యంకుడు అలిగాడో, ఏ పెళ్ళికొడుకు తాళి కట్టే ముందు కునుకు తీశాడో. కథ సరిగ్గా పసందుగా ఉన్నచోట గొంతు తగ్గించేవాడు, దొంగ మనిషి. వినాలంటే నేను తగ్గాల్సిందే. అలా తగ్గీ తగ్గీ, ఒకరోజు గుండు దాకా పోయి ఇంటికి వచ్చాక చూసుకుంటే నాకు ఆయాసమే లేదు.

ఆ కాలంలో మా వైపు ఊరికే పరిగెత్తేవాళ్ళు లేరు. తెల్లారేసరికి ఒక మనిషి తుండు వేసుకుని ఊరి నుంచి ఊరికి పరిగెత్తుతున్నాడంటే చావు కబురు మోస్తున్నట్టే. మొదటి వారంలోనే కట్ట కింద ఎనుములు మేపుకునే ఒక అక్క మమ్మల్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవరు పోయినారప్పా?"

నాకు జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. వెనక నుంచి మామే అరిచాడు.

"ఎవురూ పోలేదమ్మా, మేమే పోతాండాం!"

ఆమెకు అర్థమయ్యేలోపే కబురు చెరువవతలి ఊళ్ళోకి పాకిపోయింది. ఒక ఇంట్లో పొయ్యి మీది సంగటి దించేసి కూర్చున్నారట. ఒక కోడలు మాకు ఎదురొచ్చి, మా అత్తేనా అని మెల్లిగా అడిగింది. ఆ గొంతులో ఆశ ఉందని మామ చివరిదాకా వాదించాడు. మర్నాడు నేను సిగ్గుపడి దారి మార్చుదామంటే ఒప్పుకోలేదు. ఆ తర్వాత అదొక ఆటైపోయింది. ఎనుములక్క రోజూ నవ్వుతూ అదే అడిగేది, మామ వెనక నుంచి అదే చెప్పేవాడు.

పరీక్ష రోజు మామ అంగడి మూసి నాతో చిత్తూరు వచ్చాడు. గేటు దగ్గరే ఆయన్ను ఆపేశారు. ఈల వెయ్యగానే అందరూ దూసుకుపోయారు, నేను అందరికంటే వెనక. కాళ్ళు తొందరపెట్టాయి. అప్పుడు ఆ చారులో ఉప్పు కథ చెవిలో మొదలైంది. అది వినపడేంత వేగంలోనే పరిగెత్తాను. మూడో చుట్టులో ముందు పోయినవాళ్ళు ఒక్కొక్కరే పక్కన కూలబడుతుంటే వాళ్ళను దాటుకుంటూ పోయాను. మొదటివాడిని కాలేదు కానీ టైములోపల చేరాను. బయటికి వచ్చేసరికి మామ గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పాసయ్యావా అని అడగలేదు.

"వినపడిందా?"

"వినపడింది మామా."

ఆ మాటతో ముప్పై ఏళ్ళకు పైగా అడివిలో తిరిగి అన్నం తిన్నాను. ఇంతకంటే కృతజ్ఞత ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఆయన పరుగు క్రమంగా నడక అయింది, నడక అరుగు దాకా అయింది. ఎనభై దాటాక కూడా తెల్లారగానే కాన్వాసు బూట్లు వేసుకుని లేసులు కట్టించుకుని అరుగు మీద కూర్చునేవాడట.

కార్యాలన్నీ అయ్యాక, బయలుదేరే రోజు పొద్దున నేను ఒక్కడినే ఆ దారిన పరిగెత్తాను. తోపు దాటాక వెనక నుంచి మాట వినపడడం లేదనిపించింది. అలవాటు కొద్దీ తగ్గించాను. వినపడలేదు. ఇంకా తగ్గించాను. కట్ట మీదికి వచ్చేసరికి నడుస్తున్నాను.

కట్ట కింద ఎనుములక్క ఉంది. ఇప్పుడు అవ్వ అయింది, ఒక్క ఎనుమే మిగిలింది. చావు కబుర్లు ఇప్పుడు ఫోన్లలో పోతున్నాయి, ఆమెకు ఫోను లేదు. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"ఎవరు పోయినారప్పా?"

ఆ ప్రశ్నకు నేనెప్పుడూ జవాబు చెప్పలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే నా వైపు కాకుండా నా వెనక తోపు మలుపు వైపు చూస్తూ, నవ్వు ముఖంతో అలాగే నిలబడింది. నేనూ వెనక్కి తిరిగి అటే చూశాను.