ఒగున్లానా టీచరమ్మ కళ్ళు

ఒగున్లానా టీచరమ్మ చెప్పులు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయి. గోధుమరంగు తోలు చెప్పులు, వెనకాల పట్టీ, ఎడమ మడమ దగ్గర లోపలివైపు అరుగు. బొటనవేలి పక్కన వేలు దాని మీదికి ఎక్కి కూర్చునేది. ఆ పైన నీలిమందు అద్దకం గుడ్డ అంచు, అందులో ఎప్పుడూ ఒకచోట ఊడిపోయి ఉండే కుట్టు. దాన్ని చూసి చూసి ప్రాణం విసిగే నేను దర్జీపనిలోకి వచ్చానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

ఇబాదాన్‌లో మా కొండవాలు బడిలో ఆమె దగ్గర చదివినవాళ్ళెవరిని అడిగినా ఇవే ఆనవాళ్ళు చెబుతారు. పెద్దవాళ్ళు ఎదురైతే ఆడపిల్ల రెండు మోకాళ్ళూ నేలకి ఆనించాలి, మగపిల్లాడు బోర్లా పడుకోవాలి, చూపు మట్టిమీదే ఉండాలి. ఇంట్లో ఎలాగూ నేర్పుతారు. ఇంట్లో నేర్పింది చాలదని టీచరమ్మ నమ్మకం. రోజూ పొద్దున తరగతి గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి దండం అందుకునేది. ఎవరైనా కన్నెత్తితే బెత్తంతో నెత్తిమీద మెల్లగా తట్టి, “ఏం చూస్తున్నావు? నా ముఖాన ఏమన్నా రాసుందా?” అనేది. గట్టిగా కొట్టేది కాదు. అయినా రెండోసారి కన్నెత్తిన పిల్లని నేనెరగను.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ప్రాణం లేచివస్తుంది. తడిసిన ఎర్రమట్టి వాసన, కొండకింద తుప్పుపట్టిన రేకుల కప్పులు, మధ్యాహ్నం గంట కొట్టగానే గేటు దగ్గర నూనెలో వేగే అలసందపిండి వడలు, మా అకారా. ఇప్పటి పిల్లలు పెద్దవాళ్ళకి చెయ్యూపి పోతున్నారు. సరే, వాళ్ళ కాలం వాళ్ళది.

టీచరమ్మ ఉద్యోగం విరమించాక మా కుట్టుకొట్టుకి ఎదురిల్లు అద్దెకి తీసుకుంది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. సాయంత్రాలు నా కొట్టు అరుగుమీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ దండాలు అందుకోవడమే ఆమె కాలక్షేపం. అప్పుడే మొరాయో సంగతి వచ్చిపడింది.

మొరాయో వీధి మొదట్లో అకారా వేయించే ఆవిడ కూతురు, టీచరమ్మ బడిలో చదివించిన ఆఖరి జట్టు పిల్ల. నేలల గురించి చదువుతానని పట్టుబట్టింది. నేలల్లో చదవడానికేముందని వీధి అంతా నవ్వినా, ఒక చలిదేశపు కాలేజీ పిలిచి మరీ సీటిచ్చింది. ఆ దేశం పేరెందుకులెండి, ఇప్పుడక్కడ సగంమంది మావాళ్ళే. ఖర్చు పెట్టుకుంటానని మేనమామ ముందుకొచ్చాడు. ఇక మిగిలింది వీసా. దానికోసం లాగోస్ వెళ్ళే రోజున వేసుకోవడానికి ముదురాకుపచ్చ గౌను నేనే కుట్టిచ్చాను.

మర్నాడు వచ్చి నా కొట్టులో గుడ్డముక్కల కుప్ప మీద కూలబడింది.

“ఏమైందే?” అన్నాను.

“ఇవ్వలేదక్కా.”

“ఎందుకివ్వరు? ఏం తక్కువైందట?”

“కిటికీ అద్దం అవతల వీసా ఆఫీసరు కూర్చున్నాడు. మా మావయ్యంత వయసుంటుంది. గుడ్ మార్నింగ్ అన్నాడు. నేను మోకాళ్ళ మీద కూర్చున్నా.”

“మంచిపనేగా!”

“కిటికీ పైనుంది, నేను కిందున్నా. ఆయనకి నేను కనపడలేదు. అమ్మాయి పడిపోయింది, నీళ్ళు తెండని కేకేశాడు.”

బొత్తాలు కుడుతున్న నా పనమ్మాయిలు పగలబడి నవ్వారు. నాకూ నవ్వాగలేదు. మొరాయో మాత్రం నవ్వలేదు.

“లేచి నిలబడ్డాక, నావైపు చూసి మాట్లాడన్నాడు. కోప్పడుతున్నాడేమోనని తలొంచుకున్నా. మళ్ళీ అన్నాడు. ఇంకా ఒంచుకున్నా. ఆ కాలేజీయే ఎందుకు, చదువయ్యాక తిరిగొస్తావా అని అడిగాడు. అన్నిటికీ చెప్పానక్కా. నేలకి చెప్పా.”

చూపు దాచే మనిషి మాట ఎలా నమ్మమంటావని ఆయన అనేశాడట. కాలేజీ తెరిచేలోగా ఇంకొక్కసారి అడగడానికి వీలుంది. అదీ పోతే సీటు పోతుంది, మేనమామ తన కొడుకుని పంపుకుంటాడు. అది పిల్లకీ తెలుసు, వీధికీ తెలుసు.

గుమ్మంలో గోధుమరంగు చెప్పులు కనిపించాయి. టీచరమ్మ అంతా వినేసింది. పనమ్మాయిలు నవ్వు మింగేసి మోకాళ్ళ మీదికి జారారు.

“దాని తల ఒంచింది నేను,” అంది టీచరమ్మ. “ఎత్తాల్సింది కూడా నేనే. రేపు సాయంత్రం రావే.”

ఇక చూడాలి మా వీధి సంబరం. బెత్తం పట్టుకుని చూపు దించిన మనిషి, చూపు ఎత్తడం నేర్పడానికి కూర్చుంది. ముందు మేకని చూడమంది. మొరాయో చూసింది, మేకే తల తిప్పుకుంది. తరవాత మాంసం కొట్టు లావుపాటి అయ్యని చూడమంది. ఆయన కత్తి కింద పెట్టి, “ఏంటమ్మా, నిన్న కిలోకి తక్కువేమన్నా తూచానా?” అని కంగారుపడ్డాడు. వారం తిరిగేసరికి పిల్ల వీధిలో ఎవరినైనా చూడగలిగేది. వాళ్ళమ్మ లబోదిబోమంటూ వచ్చింది.

“టీచరమ్మా, మీకు దండం పెడతా! రాత్రి నా ముఖంలోకి సూటిగా చూసి ఇంకాస్త పులుసు పొయ్యమంది. వీసా వస్తే పోతుంది సరే, రాకపోతే దీన్ని భరించాల్సింది నేను!”

“పులుసు పోశావా?”

“పోశాననుకోండి...”

“మరైతే పనిచేసిందిగా,” అంది టీచరమ్మ.

పనిచెయ్యనిది ఒక్కచోటే. టీచరమ్మ నా కొట్టు కిటికీ వెనక కూర్చుని ఆఫీసరులా ప్రశ్నలు వేస్తే మాత్రం మొరాయో తల తెగ్గొట్టినట్టు వాలిపోయేది. బతిమాలినా అంతే, తిట్టినా అంతే. “అక్కడ ఆయన స్థానంలో మీరే కనిపిస్తారమ్మా. మిమ్మల్ని చూడలేకపోతే ఆయన్నీ చూడలేను,” అని ఏడ్చేసింది. ఎల్లుండే లాగోస్ ప్రయాణం.

టీచరమ్మ కిటికీ వెనకనుంచి లేచింది. తరవాత బయటికొచ్చి, మొరాయోని తన కుర్చీలో కూర్చోబెట్టింది.

“ఇప్పుడు నువ్వు ఆఫీసరువి. నేను మొరాయోని.”

అంటూనే గోడ పట్టుకుని, నొప్పుల మోకాళ్ళు ఒకదాని తరవాత ఒకటి మట్టిలో ఆనించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని దండం పెట్టింది, తను చదువు చెప్పిన పిల్లకి.

మా దగ్గర అలాంటిది జరగదు. తల్లి వయసు మనిషి చిన్నపిల్ల ముందు మోకాళ్ళూనడమంటే ఆ పిల్లకి ఉసురు తగిలించినట్టే. అకారా మూకుడు దగ్గర్నుంచి వాళ్ళమ్మ కెవ్వుమంది. మాంసం కొట్టాయన టోపీ తీసేశాడు. మొరాయో లేచి, “లెండమ్మా! నాకు పాపం చుట్టుకుంటుంది, లెండి!” అని గింజుకుంది.

“కూర్చో. నా ముఖంలోకి చూసి ప్రశ్నలడుగు. అడిగేదాకా లేవను. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు.”

నేను తల దించేసుకున్నాను. వీధి మొత్తం దించేసుకుంది. మా టీచరమ్మని ఆ స్థితిలో చూడటానికి ఎవరికీ మొహం చెల్లలేదు. నాకు వినిపించింది మాటలే.

“ఎందుకు వెళ్తున్నావు?” మొరాయో అడిగింది.

“నేల సంగతి తెలుసుకోవడానికండీ. ఇన్నేళ్ళూ దానివంకే చూశాను, దాని గురించి నాకేమీ తెలియదు.”

ఎవరో కిసుక్కుమన్నారు.

“చదువయ్యాక తిరిగొస్తావా?”

“వస్తానండీ. నాకోసం మట్టిలో మోకాళ్ళూనిన మనిషి ఇక్కడుంది.”

నేను తలెత్తేసరికి మొరాయో టీచరమ్మని లేవదీసి, గుడ్డకంటిన మట్టి దులుపుతోంది. టీచరమ్మ అటు తిరిగి తలగుడ్డ సర్దుకుంటోంది.

వీసా వచ్చింది. కిటికీ ముందు నిలబడే దండం పెట్టిందట, సూటిగా చూసిందట, అడిగినవన్నిటికీ చెప్పిందట. వెళ్ళేరోజు బస్సు దగ్గర టీచరమ్మకి రెండు మోకాళ్ళూ ఆనించి దండం పెట్టింది, ఆ తరవాత తలెత్తి ఆమె ముఖం చూసింది. మేమంతా మళ్ళీ చూపు దించుకున్నాం, అలవాటు.

మొరాయో మాట నిలబెట్టుకుంది. చదువయ్యాక తిరిగొచ్చి ఉత్తరాన పొలాల్లో మట్టి పరీక్షలు చేసే చోట చేరింది. వచ్చినప్పుడల్లా నా కొట్టు అరుగుమీదే టీచరమ్మా, తనూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు.

టీచరమ్మ రెండేళ్ళ కిందట పోయింది. బడి హాల్లో ఆమె బొమ్మ పెట్టించాలని పాత విద్యార్థులంతా కలిశారు. బ్యాంకు మేనేజరు, లారీలు తిప్పే ఆయన, ఇద్దరు నర్సులు, నేను. బొమ్మలు గీసే అలానీ, వెలిసిపోయిన ఒక్క ఫోటో ముందుపెట్టుకుని విసుక్కున్నాడు.

“ఇందులో కళ్ళు తెలీడం లేదు. ఎలా ఉండేవి? చిన్నవా, పెద్దవా? ఏ రంగు?”

మాలో ఒక్కరికీ తెలియదు. ఆమె చేతికింద ఏళ్ళకేళ్ళు చదివినవాళ్ళం. ఇంటెదురుగా ఉన్నదాన్ని నేను. చివరికి మేనేజరు మెల్లగా, “చెప్పులైతే గోధుమరంగు,” అన్నాడు. ఎడమది అరిగేదని నర్సు అంది. బొటనవేలి పక్క వేలు సంగతి అందరం ఒక్కసారే అన్నాం. అలానీ మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూశాడు.

నేనే మొరాయోకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా బల్లమీద పెట్టాను. అడిగిందే ఆలస్యం, తడుముకోకుండా చెప్పింది.

“కుడికన్ను కాస్త చిన్నదక్కా. రెండూ లేతగానే ఉండేవి, పలచటి టీ రంగు. ఎడమ కంట్లో పాప పక్కన ఒక నల్లచుక్క, అలసందగింజ మీద ఉంటుందే, అలాంటిది. బెత్తం పట్టుకునే మనిషి కళ్ళలా ఉండవు. ఆ రోజు నేను ప్రశ్నలడుగుతుంటే రెంటినిండా నీళ్ళు.”

అలానీ అలాగే గీశాడు, నీళ్ళు తప్ప. బొమ్మని హాల్లో బాగా ఎత్తున తగిలించారు. యూనిఫారాలు ఇవ్వడానికి బడికి వెళ్ళినప్పుడల్లా ఆగుతాను. ముందు మోకాళ్ళూనుతాను, తరవాత తలెత్తి ఆ ఎడమ కంటి చుక్కని వెతుక్కుంటాను. ఇంతకాలం ఇది నా ఎదురుగానే ఉంది కదా అనుకుంటాను. ఎక్కువసేపు చూడలేను, నెత్తిమీద బెత్తం తగులుతుందేమోనని ఇప్పటికీ తల వంగిపోతుంది.