రాతిగుట్ట మీద జానెడు మన్ను

భూసార సర్వేలో చేరిన మొదటి ఏడాది, తోంగ్‌పాల్ దాటి అడవిలోకి వెళ్తే వచ్చే ఒక గుట్ట మీద పదిహేను గోతులు తీయించమని నన్ను పంపారు. గోయి గోడలో మన్ను పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఒక్కో పొర రంగు, మందం, గరుకుదనం చూసి రాసుకోవాలి. పిడికెడు మన్ను సంచిలో వేసి ల్యాబుకు పంపాలి. ఆ గుట్ట ఊరి పశువులు మేసే బీడు. దాని మీద చెట్లు పెంచాలని ఆఫీసులో ఒక ఆలోచన ఉంది. మన్ను లోతు తేలితే గానీ అది ముందుకు కదలదు. వానలు పడితే గోతులు నీళ్లతో నిండిపోతాయి కాబట్టి మృగశిర కార్తె లోపు పని ముగించాలి.

తవ్వకానికి సర్పంచ్ చూపించిన మనిషి ఊరి పశువుల కాపరి. యాభై దాటిన వయసు, ఎండిన చింతకొమ్మలాంటి ఒళ్లు. ఎన్నో ఏళ్ల కిందట భార్యతో కోంట వైపు నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. ఊళ్లో హల్బీ మాట్లాడేవాడు, ఇంట్లో దోర్లి. నాది తెలుగు మాట్లాడే దోర్నపాల్ అని తెలిశాక నాతో మాత్రం తెలుగే. నా బస కూడా వాళ్ల ఇంట్లోనే. ఆయన్ని పెద్దనాయినా అనీ, ఆమెను పెద్దమ్మా అనీ పిలిచేదాన్ని.

మొదటి రోజు గుట్ట ఎక్కి, గోతులు తీయాల్సిన చోటల్లా మేకులు పాతాం. గడ్డపార భుజాన వేసుకుని ఆయన నన్ను వింతగా చూశాడు.

"ఏంది బిడ్డా, ఇన్ని బొందలు దేనికి?"

"మన్ను ఎంత లోతుందో చూడాలె పెద్దనాయినా."

"దానికి తవ్వుడెందుకు? నన్నడుగు, చెప్త." గడ్డపార కొసతో చూపించాడు. "ఈడ జానెడు. ఆ తునికి పొద కాడ మూరెడు. ఆ రెండు బండల నడుమ పగులున్నది చూడు, అండ్ల నా నడుము దాకా."

నవ్వి, తవ్వమన్నాను. నాలుగు పోట్లకే గడ్డపార ఖంగుమంది. టేపు పెట్టి చూశాను. జానెడే.

అప్పటిదాకా నాకు తెలిసిన మన్ను పొలాల మన్ను. ఇది వేరు. ఈ గుట్టంతా ఇసుకరాయి. ఎండకు పగిలి, వానకు నాని, రాయి రాలగా మిగిలిన మన్ను ఇది. పైన అప్పడాల్లాంటి పలక రాళ్లు పరుచుకుని ఉంటాయి. వాటి కింద గోధుమ రంగు ఇసుక మన్ను, దాని నిండా గడ్డి వేళ్లు. ఆ కింద చేత్తో నలిపితే పొడయ్యే మెత్తబడ్డ రాయి. ఆ కింద గట్టి బండ. ఆ ఇసుక మన్నును తడిపి వేళ్ల మధ్య సాగదీస్తే సాగదు, పుటుక్కున తెగిపోతుంది. నీళ్లు పోస్తే పోసినంతసేపు పట్టదు, ఇంకిపోతాయి. యాసిడ్ చుక్క వేస్తే పొంగదు, సున్నం లేదు. పులుపు మన్ను, పేద మన్ను అని రాసుకున్నాను.

అడ్డొచ్చిన పలక రాళ్లను నేను పక్కకు విసురుతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఒక పలక ఎత్తి, కింద మన్ను తాకి చూడమన్నాడు. అంత ఎండలోనూ చల్లగా, తేమగా ఉంది.

"పైన రాయి ఉంటెనే మన్ను ఉంటది. తీసేస్తివనుకో, ఒక్క వానకు వాగుల పడ్తది," అన్నాడు. గోయి పూడ్చిన ప్రతిసారీ ఆ రాళ్లను తిరిగి పరిచేవాడు. నేనూ నేర్చుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం దిగుతుంటే కాలి కింద గులకరాళ్లు జారాయి. కుడి చీలమండ మెలిపడింది. నిలబడబోతే ప్రాణం పోయినంత పనైంది. ఆయన వీపు చూపించి కూర్చున్నాడు. సిగ్గుపడుతూనే ఎక్కాను. గుట్ట దిగేదాకా ఎక్కడా ఆగలేదు, నన్ను దించనూ లేదు.

పెద్దమ్మ వాపు చూసి, "అయ్యో, బూరె లెక్క పొంగింది," అంది. పెంకులో ఇసుక వేయించి, పాత చీర ముక్కలో మూటగట్టి కాపడం పెట్టింది. వేడి ఎక్కువైందేమోనని ప్రతిసారీ ముందు తన చెంపకు ఆనించుకుని చూసేది. మా అమ్మ గుర్తొచ్చి నాకు ఏడుపు వచ్చింది. నొప్పికనుకుని ఆమె నా తల నిమిరింది. నేను లేవలేని ఆ రెండు రోజులూ జావ కూడా మంచం దగ్గరికే తెచ్చిచ్చింది.

ఇంకా తొమ్మిది గోతులు మిగిలాయి. దక్షిణాన మబ్బు కమ్ముతోంది. ఆఫీసుకు ఫోన్ చేద్దామంటే అక్కడ సిగ్నల్ లేదు. పెద్దనాయిన గడ్డపార తీశాడు.

"మేకులున్నయ్ గద. నే తవ్వుకొస్త. నువ్వు కూసోని రాసుకో."

"నేను చూడకుండా రాయకూడదు పెద్దనాయినా."

"మన్ను నీ కాడికే తెస్త, చూడు."

పశువులను పక్కింటి ఆయనకు అప్పగించి వెళ్లాడు. రెండో రోజు సాయంత్రానికి తొమ్మిదీ తవ్వి, తట్టతో దిగాడు. తట్టలో అడ్డాకు పొట్లాలు. ఒక్కో గోతివి ఒక్కో నారతో కట్టాడు. పై పొరకు ఒక ముడి, దాని కింది పొరకు రెండు, ఆ కిందిదానికి మూడు. పొర ఎంత మందమో ఆ కొలతకు పుల్ల విరిచి పొట్లంలోనే పెట్టాడు. మంచం మీద కూర్చుని నలిపి, తడిపి, వాసన చూసి రాసుకున్నాను. గుట్ట మీదవన్నీ రెండు ముడులతోనో మూడు ముడులతోనో ముగిశాయి. ఒక కట్టలో మాత్రం ఆరు పొట్లాలున్నాయి.

"ఇదెక్కడిది?"

"గుట్ట మొదట్లది. పైనుంచి కొట్టుకొచ్చిన మన్నంత ఆడనే ఆగింది. నాలుగు మూరలు తవ్విన, బండ తగల్లె."

అక్కడ గడ్డి నడుమెత్తు పెరుగుతుందనీ, ఎండాకాలం ఊరి పశువులన్నిటికీ అదే ఆధారమనీ నాకు తెలుసు. నేనిలా రాస్తే చెట్లకు ముందుగా పోయేది ఆ చోటే. ఆ సంగతి ఆయనకు చెప్పాను.

ఆయన విప్పిన పొట్లాలను మళ్లీ వరసగా పేర్చాడు. పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది.

"మన్ను ఉన్నకాడ ఉన్నదనాలె బిడ్డా," అన్నాడు చివరికి. "ఉన్నకాడ లేదంటే, రేపు లేనికాడ లేదన్నా ఎవడు నమ్ముతడు?"

మర్నాడు పని చూడటానికి జీపులో మా సార్ వచ్చారు. బచేలీ గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన మనిషి, అమ్మానాన్నలది కోస్తా. జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు.

"పశువులు కాసేవాడు తవ్వితే గుట్టంతా రాయే అంటాడు కదమ్మా! మేకులు జరపడం ఎంతసేపు? ఇదేం పద్ధతి?"

"ఈ ఆరు పొట్లాలు చూడండి సార్. అబద్ధమాడేవాడైతే ఇవి తెచ్చేవాడు కాదు."

సార్ పొట్లాలు విప్పి చూశారు. తన జీపీఎస్ మిషన్‌తో మేకులు పాతిన చోట్లన్నీ సరిచూసి, రెండు గోతులు తన ఎదుటే మళ్లీ తవ్వించారు. టేపు పట్టి, పుల్లలు పక్కన పెట్టి కొలిచారు. రెండూ సరిపోయాయి. దిగి వచ్చాక ఇంటి ముందు కూర్చుని, పెద్దమ్మ ఇచ్చిన జావ దొప్పెడు తాగి, మళ్లీ పోయించుకున్నారు. నా రిపోర్టు మీద ఆయన కొట్టివేసిన మాట ఒక్కటే. 'పేద మన్ను' అన్నచోట 'గడ్డికి అనువైన మన్ను' అని రాశారు.

గుట్ట పైభాగం పశువులకే ఉండిపోయింది. మొదట్లో ఉన్న లోతు మన్నుకు మాత్రం కంచె పడింది, మొక్కలు పడ్డాయి. తర్వాతి రెండు ఎండాకాలాలు వాళ్లకు కష్టంగా గడిచాయి. తమ రెండు ఆవులను పెద్దమ్మ అన్నగారి ఊరికి తోలేశారని విన్నప్పుడు నాకు అన్నం సహించలేదు. వెళ్లి పెద్దమ్మ ముందు తల దించుకుని కూర్చున్నాను.

"నువ్వేం చేస్తివి బిడ్డా? రాసినవ్, అంతే. చెప్పింది మా ముసలోడు గద," అని ఆమె భర్త వైపు కోపంగా చూసింది. ఆయన నవ్వాడు. కాసేపటికి ఆమె కూడా నవ్వేసింది. మొక్కలు పశువులకు అందనంత ఎదిగి, మూడో ఏడు కంచె తీశాక ఆవులు తిరిగి వచ్చాయి.

పోయిన వేసవిలో మా సార్, పక్క గుట్టల సర్వేకు ఆయన్ని తీసుకురమ్మని నన్నే పంపారు. పెద్దనాయిన ఉతికిన చొక్కా వేసుకుని జీపు ముందు సీట్లో కూర్చున్నాడు. ఆ గుట్ట దగ్గర దిగగానే సార్ ఉత్సాహంగా, "చెప్పు పెద్దాయనా, ఇక్కడ మన్నెంత లోతు?" అన్నారు.

పెద్దనాయిన ఆ గుట్టను కింది నుంచి పైదాకా చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఈ గుట్ట నాకెరుక లేదు సార్. ఒక ఏడాది పశులను మేపనియ్, అప్పుడు చెప్త."