అమ్మమ్మ దేశపు జెర్సీ

కోవిడ్‌తో ఏడాది వాయిదా పడిన రగ్బీ లీగ్ ప్రపంచకప్ ఎట్టకేలకు మొదలైంది. ఐర్లాండ్‌లో, కిల్కెన్నీలోని ఓ వృద్ధాశ్రమంలో మాత్రం మళ్లీ కేసులొచ్చి, బయటివాళ్ల రాకపోకలు ఆపేశారు.

అక్కడ ముసలివాళ్లని చూసుకునే కేరర్‌గా పనిచేసే బాపట్ల ఎస్తేరమ్మ, టీవీలో ఐర్లాండ్ మ్యాచ్ చూస్తూ మండిపడుతోంది. "సిడ్నీలో పుట్టి పెరిగినోడు ఐర్లాండ్‌కి ఆడటమేంటే? ఇదేం న్యాయం!"

"అమ్మమ్మ ఇక్కడిదైతే చాలు ఆంటీ. ఆ రూలు లేకపోతే చిన్న దేశాలకి జట్టుకి పదమూడు మంది ఎక్కడ దొరుకుతారు?" అంది తోటి తెలుగు నర్సు హెలెన్. "ఇంతకీ ఆ అమ్మమ్మ ఎవరో తెలుసా? మన బ్రిడీనే!"

తొంభై ఏళ్ల బ్రిడీ చక్రాల కుర్చీలోంచి ముందుకు వంగి, రెప్ప వేయకుండా చూస్తోంది. పచ్చజెర్సీ మనవడు బంతిని గుండెకు హత్తుకుని, ఇద్దరిని విదిలించుకుని గీత అవతలికి దూకాడు. ట్రై! నాలుగు పాయింట్లు! హాలంతా హోరెత్తింది. బ్రిడీ చెయ్యెత్తి ఊపింది, వాడికి కనిపిస్తుందన్నట్టే.

అందరికంటే గట్టిగా అరిచింది ఎస్తేరమ్మే. ఆ అరుపుకి ఫేస్‌షీల్డ్ మసకబారింది. గ్లవ్స్ తొడిగిన చేతులతోనే తెరమీది పిల్లాడికి దిష్టి తీసి, కణతలకు ఆనించి మెటికలు విరిచింది.

"అన్యాయమన్నారుగా ఆంటీ?"

"ఎవరే అన్నది? ఈ జెర్సీ వేసుకుని టీవీలోకి రాకపోతే, అమ్మమ్మ దగ్గరికి ఇంకే దారిన రానిచ్చేవారు వాణ్ణి?"